వజ్ర పరీక్ష

మహబూబ్‌నగరమునకు పేరిచ్చిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1891లో జేకబు అను వర్తకునితో ఒక పెద్ద వజ్రమునకై బేరము సాగించెను. దాని తూకము సుమారు 185 క్యారట్లు. ఆయన కుమారు డుస్మాన్ అలీఖాను ఆ వజ్రమును బల్లపై కాగితములు ఎగిరిపోకుండ బరువుగా నుంచెనని చెప్పుదురు. ఎరుగనివానికి అది గాజుగడ్డవలెనే తోచును. 1995లో భారతప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొన్నది.

వజ్రమును గుర్తించుట ఎట్లు? వరాహమిహిరుడు బృహత్సంహితయం దొక అధ్యాయమును వజ్రపరీక్షకే కేటాయించెను. సుత్తిదెబ్బకు పగులనిదే నిజమైన వజ్రమని లోకమున నొక భ్రమ కలదు. వజ్రము కాఠిన్యమున అన్నిటిని మించినదే. గీసిన గీటు పడదు. కాని దెబ్బ తగిలినచో కొన్ని తలముల వెంట చీలిపోవును. ఈ పరీక్ష నిజమైన వజ్రమును సైతము నాశనము చేయును.

గాజు మెత్తనిది. దాని అంచులు త్వరలో అరిగిపోవును. భూతద్దమున చూచినచో లోపల గాలిబుడగలు కనబడవచ్చును. జిర్కోనియా అను కృత్రిమపు రాయి అదే పరిమాణముగల వజ్రముకంటె ఒకటిన్నర రెట్లకు మించి బరువు తూగును. వజ్రము వేడిని అతివేగముగా ప్రసరింపజేయును గనుక నగల వర్తకులు ఉష్ణపరీక్షా యంత్రమును వాడుదురు. మోయిసనైటు అను రాయి ఆ యంత్రమును మోసగింపగలదు. కాని భూతద్దమున దాని వెనుక పలకల అంచులు జంటగీతలై కనబడును.

ఇంతకంటె చిక్కైనది ప్రయోగశాలలో పుట్టిన వజ్రము. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు మిక్కిలి ఒత్తిడిని, వేడిని కల్పించి దానిని సాధించిరి. మీథేను వాయువునుండి పొరలుపొరలుగా పెంచు పద్ధతియు నేడు కలదు. ఇవియు కర్బనమే. కాఠిన్యము, బరువు, ఉష్ణప్రసారము అన్నియు సమానమే. భూగర్భమున 150 కిలోమీటర్ల లోతున పుట్టిన వజ్రమునందు నత్రజని పరమాణువులు కోట్ల సంవత్సరములలో మెల్లగా గుంపుగూడును. ఆ గుర్తును, పెరిగిన తీరును, అతినీలలోహిత కాంతియందలి వెలుగును ప్రయోగశాలలో పరిశీలించి నిపుణులు భేదమును నిర్ణయింతురు.

ఈ సీమకును వజ్రములకును సంబంధము కలదు. నారాయణపేట, మద్దూరు ప్రాంతములందు భూవిజ్ఞానులు కింబర్లైటు శిలను కనుగొనిరి. వజ్రములను లోతునుండి పైకి తెచ్చు శిలలలో నిది ముఖ్యము. అయినను అది ఉన్నచోట నెల్ల వజ్రములుండవు. ఈ మెట్టసీమలలో ప్రత్తి, వేరుసెనగ అమ్మిన సొమ్ముతో కూతురికి ముక్కుపుడక చేయించు రైతు మోసపోరాదు. ప్రయోగశాలా వజ్రము చవుక. చవుకగా అమ్మిన అది మంచి సరుకే. దోషము రాతియందు లేదు. దాని పుట్టుకను దాచి సహజవజ్రపు వెలకు అమ్మువాని మాటయందు కలదు. కావున కొనువారు పరీక్షాపత్రమును అడుగవలయును. రాయి సహజమో, ప్రయోగశాలలో పుట్టినదో రసీదునందు వ్రాయించుకొనవలయును. అట్లడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.