అవ్వ ట్రంకు పెట్టెలో దొరికిన కాగితం

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఇంట్లో ఎస్సెస్సెల్సీ, పీయూసీ చదివే పిల్లలుంటే మాత్రం చివరిదాకా చదవండి.

ప్రతి ఏడూ పీయూసీ ఫలితాలు వచ్చాక మేం నలుగురైదుగురం రాబర్ట్‌సన్‌పేటలో ఒకచోట కూర్చొని పిల్లల అప్లికేషన్లు నింపిస్తాం. మార్కులు చాలక ఆగిపోయినోళ్ళ కంటే కాగితం లేక ఆగిపోయినోళ్ళనే ఎక్కువమందిని చూశాం.

ఆమధ్య ఒక పాప వచ్చింది. ఛాంపియన్ రీఫ్ లైనింట్లో పుట్టి పెరిగిన పిల్ల. బీఎస్సీ నర్సింగ్ చదవాలని ఆశ. మార్కులు బాగా వచ్చాయి. నాయన తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతాడు. స్కాలర్‌షిప్ రాకుంటే చదువు లేనట్టే. ఆ పోర్టల్లో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ల మీదుండే ఆర్‌డీ నంబర్లు అడుగుతారు. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ కులం సర్టిఫికెట్ లేదు. తాత గనిలోకి దిగేటప్పుడు ఒంట్లో సత్తువ చూశారే గానీ సర్టిఫికెట్ అడగలేదు.

ఇక్కడి ఆఫీసులో, "మీ తాతది చిత్తూరు పక్క పల్లె కదా, అక్కడికి పోయి తెచ్చుకోండి" అన్నారు. నాయన రెండు రోజుల కూలి పోగొట్టుకొని పోయాడు. అక్కడ, "మీకు ఇక్కడ ఇల్లు లేదు, రేషన్ కార్డు లేదు, ఎట్లా ఇచ్చేది?" అని తిప్పి పంపారు.

"అన్నా, అయితే మేము ఏ ఊరోళ్ళం?" అని అడిగింది ఆ పాప. మాకు నోట మాట రాలేదు. మాలో ఇద్దరు ఇదే ప్రశ్న దగ్గర చదువు ఆపేసినోళ్ళే.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటో అందరం తెలుసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగి, అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగితే, ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఆఫీసులో ముందు "ఏ ఊరు" అంటారు.

అయితే మన గనుల కుటుంబాలకు ఒక దారుంది. వలస వచ్చినోళ్ళ విషయంలో చూసేది, ఎస్సీల జాబితా ప్రకటించిన 1950 నాటికి ఆ కుటుంబం స్థిరంగా ఉన్నది ఎక్కడ అని. జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ పని మొదలుపెట్టింది. చిత్తూరు, ఆర్కాడు, సేలం పక్కల నుంచి మనోళ్ళు తరాలుగా వచ్చి లైన్లలో నిలిచిపోయారు. 1950 నాటికే తాత కేజీఎఫ్‌లో కాపురం ఉంటే ఆయన మైసూరు రాష్ట్రం మనిషే. కానీ ఆ మాట కాగితం చెప్పాలి. లైనిల్లు కంపెనీది, మన పేరు మీద లేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశాక ఎన్నో ఇళ్ళలో పాత కాగితాలు చెత్తలో పోయాయి.

ఆ పాప వాళ్ళ అవ్వ మాత్రం పారెయ్యలేదు. ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి చీర కింద, తాత సర్వీసు కాగితం దొరికింది. పనిలో చేరిన సంవత్సరం 1946. అవ్వకు చదువు రాదు. "మీ తాత పేరుందని దాచినా నాయనా" అనింది. దానికి తోడు పెదనాయన చదివిన స్కూల్లో అడ్మిషన్ రిజిస్టరు నకలు రాయించుకొని, రెండూ పెట్టి మళ్ళీ అర్జీ ఇచ్చాం.

సర్టిఫికెట్ వచ్చింది. కానీ అప్పటికి ఆ ఏటి స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. మొదటేడు ఫీజులో కొంత మేం సర్దాం, మిగిలినదానికి అవ్వ కమ్మలు కుదువకు పోయాయి. రెండో ఏటి నుంచి స్కాలర్‌షిప్ వస్తోంది. కమ్మలు ఇంకా విడిపించలేదు. రెండేళ్ళు ముందే ఆ పెట్టె తెరిపించి ఉంటే అవి అవ్వ చెవులకే ఉండేవి. ఆ తప్పులో మాకూ వాటా ఉంది. ఫలితాలు వచ్చాకే కూర్చోవడం మా అలవాటు.

కాబట్టి ఈ ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల ఇళ్ళకే వస్తాం. మీరు చెయ్యాల్సింది ఇది. తాత, ముత్తాతల పేరు, తారీఖు ఉన్న ఏ పాత కాగితమైనా వెతికి పెట్టండి: సర్వీసు కాగితం, స్కూలు రిజిస్టరు నకలు, ఏదైనా సరే. ఆధార్‌లో, మార్కుల కార్డులో పేరూ ఇనీషియలూ ఒకేలా ఉన్నాయా చూడండి. పిల్లల బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపండి. ఇంకొకటి, పిల్లల్ని కుప్పం పక్క బడుల్లో చేర్చేముందు ఆలోచించండి. కర్ణాటక సీఈటీ సీట్లకు మామూలుగా ఇక్కడ ఏడేళ్ళు చదివినట్టు చూపించాలి.

మన తాతలు భూమి అడుగు నుంచి బంగారం తీశారు. మనం పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తియ్యలేమా? ఈ ఆదివారం అవ్వను దగ్గర కూర్చోబెట్టుకొని ట్రంకు పెట్టె తెరవండి. చదవడం రాని కాగితమైనా పారెయ్యకండి, మా దగ్గరికి తెండి. కలిసి చదువుదాం.