గోడవైపు తిప్పిన ఫ్యాన్

వాంకూవర్ నుంచి నెల్సన్ ఊరికి మూడో నంబరు హైవే మీద దాదాపు 650 కిలోమీటర్లు. విమానంలో కాసిల్‌గార్ దాకా వెళ్లొచ్చు గానీ ఆ విమానాశ్రయం కొండల మధ్య ఇరుక్కుని ఉంది. మబ్బు కిందికి దిగితే విమానాలు రద్దవుతాయి. అందుకే మా మేనల్లుడు కారు తీశాడు. అక్టోబరు మొదటి రోజులు. హోప్ దాటాక 1965 జనవరిలో కొండచరియ విరిగి హైవేని కప్పేసిన చోటు వస్తుంది. ఇప్పటికీ ఆ కొండకు ఒక పక్క చర్మం ఊడినట్టే ఉంది. మానింగ్ పార్కు అడవి ఎక్కి దిగితే కెరెమియోస్. రోడ్డుకు రెండు వైపులా పళ్ల దుకాణాలు, యాపిల్స్, గుమ్మడికాయలు, జడలల్లిన వెల్లుల్లి. ఆ చుట్టుపక్కల చాలా తోటలు పంజాబీ కుటుంబాలవి. ఆసోయూస్ దగ్గర హైవే అమెరికా సరిహద్దుకు బాగా దగ్గరికి వస్తుంది. అవతల వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి అమ్మకం చట్టబద్ధమే, ఇవతలా చట్టబద్ధమే. అయినా ఆ గీత దాటించడం నేరం. “వీసా మీద ఉన్నవాళ్లం దాని జోలికే పోం మావయ్యా, వాడామని సరిహద్దులో ఒప్పుకున్నా అమెరికా తలుపు మూసుకుపోతుంది” అన్నాడు మావాడు. అక్కడి మన పిల్లలందరికీ కంఠతా వచ్చిన సంగతట అది.

నెల్సన్ కూట్నీ సరస్సు పడమటి పాయ ఒడ్డున ఉంది. వెండి గనులతో పుట్టిన ఊరు. బేకర్ వీధిలో ఆనాటి రాతి కట్టడాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వియత్నాం యుద్ధానికి వెళ్లనని సరిహద్దు దాటి వచ్చిన అమెరికన్ కుర్రాళ్లు అరవై, డెబ్బై దశకాల్లో ఈ లోయల్లో స్థిరపడ్డారు. వాళ్లకంటే ముందు, 1908 నుంచి, ఆయుధం పట్టం అన్నందుకు రష్యాలో హింస పడి వచ్చిన డూఖొబోర్లు ఇక్కడ పళ్లతోటలు వేశారు. ప్రభుత్వం మాటకు తలూపని మనుషులు తరతరాలుగా చేరిన చోటు ఇది. గంజాయి పెంపకానికి ఈ లోయలు కెనడా అంతటా పేరుపడటంలో ఆశ్చర్యం లేదు.

సరస్సు అవతలి ఒడ్డున ఒక ఇంటి కింది అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ నర్సుగా పనిచేసి రిటైరైంది. చేతివేళ్లు కీళ్లనొప్పులతో వంకర తిరిగాయి. మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది. పైన్ చెట్టు బంక, నిమ్మతొక్క, పచ్చిగడ్డి కలిసిన ఘాటు. నేను ముక్కు ఎగబీల్చడం చూసి ఆవిడే చెప్పింది: “నా నాలుగు మొక్కలు ఆరుతున్నాయి. చూస్తారా?”

2018 అక్టోబరు 17న కెనడాలో గంజాయి చట్టం అమల్లోకి వచ్చింది. ఒక ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. బ్రిటిష్ కొలంబియాలో పంతొమ్మిదేళ్లు నిండాలి, మొక్కలు వీధిలోకి కనబడకూడదు. ఆవిడ వాటిని టమాటాల వెనక, చెక్క కంచె లోపల పెంచింది. నగలవాళ్ల భూతద్దంతో పూల మీది బంక చుక్కల్ని రోజూ చూసేదట. గాజులా ఉన్న చుక్కలు పాల రంగుకి తిరిగి, అక్కడక్కడా తేనెరంగు మొదలైనప్పుడు కోసింది. ఇంకో వారం ఆగాలనుకున్నా వాన వస్తుందన్నారు, తడిస్తే దట్టమైన పూగుత్తుల లోపల బూడిదరంగు బూజు పుడుతుంది.

ఆరబెట్టే గది అంటే, ఆవిడ భర్త బట్టలు పెట్టుకున్న అల్మారా గది. ఆయన పోయాక ఖాళీ అయింది. బట్టల కడ్డీకి హాంగర్లు, హాంగర్లకు కొమ్మలు తలకిందులుగా. చోటు చాలని చిన్న కొమ్మల కోసం ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు అటూ ఇటూ బెజ్జాలు పొడిచి సన్నటి కర్రలు దూర్చింది. అట్ట కొంత తేమని తనే పీల్చుకుంటుంది, అది మంచిదేనంది. కిటికీకి నల్లదుప్పటి మేకులు కొట్టి బిగించింది. మధ్యలో వేలాడుతున్న చిన్న మీటరు వేడిని, గాలిలో తేమని చూపిస్తోంది: 18 డిగ్రీలు, 57 శాతం. కింద మూలన ఒక చిన్న టేబుల్ ఫ్యాన్, మొక్కల వైపు కాదు, గోడ వైపు తిరిగి ఉంది.

ఆ ఫ్యాన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కోసిన పువ్వు బరువులో దగ్గరదగ్గర నాలుగింట మూడు వంతులు, అంతకు పైన కూడా, నీళ్లే. ఆ నీళ్లు బయటికి పోవాలి, కానీ తొందరపడకూడదు. గాలి నేరుగా కొడితే పైపొర గట్టిపడి లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. సీసాలో పెట్టాక ఆ తేమ పైకి తేలి బూజు పడుతుంది. వేడి పెంచితే వాసన మోసే నూనెలు ముందే ఎగిరిపోతాయి. నిమ్మతొక్కలో ఉండే లిమొనీన్, పైన్ బంకలోని పైనీన్ ఇందులోనూ ఉన్నాయి, నా ముక్కుకు మెట్ల మీద తగిలినవి అవే. వెలుతురూ శత్రువే. మత్తునిచ్చే టీహెచ్‌సీ వెలుతురుకీ గాలికీ నెమ్మదిగా విరిగి, మత్తు బాగా తక్కువున్న మరో పదార్థంగా మారుతుంది.  నల్లదుప్పటి అందుకే. గాలి కదలాలి, పువ్వు కదలకూడదు, అదీ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పడంలోని కిటుకు.

సాయంత్రం చలికి ఆవిడ కట్టెలపొయ్యి రాజేస్తే మీటరు ముల్లు నలభైల్లోకి పడింది. వెంటనే తడి తువ్వాలు పళ్లెంలో పెట్టి అల్మారాలో ఉంచింది. మర్నాడు వాన పట్టి తేమ 68కి పోతే తువ్వాలు తీసేసి, తేమ లాగే చిన్న యంత్రాన్ని గుమ్మం బయట నడిపింది. పెద్ద ఆకులు తుంచేసినా పువ్వుకు అంటుకున్న చిన్నాకులు ఉంచింది, అవి ముడుచుకుని పువ్వును కప్పి ఆరడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రి నిద్రపట్టక లేచినప్పుడు కూడా ఒకసారి మీటరు చూసి వస్తుందట. పది పన్నెండు రోజులకు సన్నకొమ్మ వంచితే వంగకుండా టప్పున విరగాలి.

ఆ టప్పు మాట విన్నాక నాకు మా జంగారెడ్డిగూడెం వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కళ్లముందుకొచ్చాయి. వర్జీనియా పొగాకును మావాళ్లు కర్రలకు కట్టి, బ్యారన్‌లో అంచెలంచెలుగా ఎక్కించి, రాత్రంతా కాపలా ఉండి మంట నడుపుతారు. అక్కడా ఆఖరి పరీక్ష ఈనె విరగడమే.

అయితే ఆవిడ అల్మారాలో నన్ను నిలబెట్టేసింది పద్ధతి కాదు, ఆవిడ తీరిక. కొమ్మలు పది పన్నెండు రోజులు అలా వేలాడుతుంటే తలుపు ఎవరైనా తడతారన్న బెంగ ఆవిడకు లేదు. వాసన బయటికి పోయినా పక్కింటాయన విసుక్కుంటాడు, అంతే. మన చింతపల్లి, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల్లో ఇదే మొక్క ఇంకోలా బతుకుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) కింద ఒక్క మొక్క పెంచినా పదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇరవై కిలోలు దాటిన సరుకుతో దొరికితే పదేళ్లకు తక్కువ కాదు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల పంట నరికేశారు. అయినా పెట్టుబడి పెట్టి కొనేవాడు మైదానంలో ఉంటాడు, మూట మోస్తూ చెక్‌పోస్టు దగ్గర దొరికేది ఆదివాసీ కుర్రాడు. కూలికి మోసినవాడి పదేళ్ల యవ్వనం ఎవరు తెచ్చిస్తారు? గంజాయి మంచిదని నేననను. లేత వయసు మెదడుకు అది చేసే చేటు చూసిన ఇళ్లు నాకు తెలుసు, కెనడా కూడా పిల్లలకు అమ్మినవాడికి పద్నాలుగేళ్ల దాకా శిక్ష పెట్టింది. కానీ నర్సమ్మ అల్మారా చూశాక ఆ కుర్రాడి శిక్ష నాకు ఇదివరకటిలా మామూలుగా తోచడం లేదు.

మనకూ ఒకప్పుడు ఇది బహిరంగంగా నడిచిన పనే. 1893-94లో విచారణ జరిపిన భారత గంజాయి కమిషన్ బెంగాల్లోని నౌగావ్‌లో లైసెన్సు సాగును దగ్గరగా చూసింది. మగమొక్కల్ని వెతికి పీకేయడానికి అక్కడ పొద్దార్ అనే ప్రత్యేక నిపుణులు ఉండేవారు. విత్తనం పట్టని ఆడపూల కోసం ఆ పాట్లు. కోసిన కొమ్మల్ని ఎండలో వాడబెట్టి, వరసగా పరిచి, పాదాలతో తొక్కి అణిచేవారు. ఈ కథ చెబితే ఆవిడ చేతిలో పూగుత్తిని పైకెత్తి, దీన్ని తొక్కడమా అని నోరు తెరిచింది.

మేమున్నప్పుడే మొదటి కొమ్మలు విరిగాయి. పూలు తుంచి గాజు సీసాల్లోకి ముప్పాతిక వంతు నింపింది. ఒక్కో సీసాలో నాణెమంత తేమ మీటరు. 58కీ 62కీ మధ్య నిలబడితే సరే, 65 దాటితే మూత తీసి పేపరు మీద పరవాలి. మొదటి వారాల్లో రోజూ మూత తీసి పావుగంట గాలి తగలనివ్వాలి. పచ్చిగడ్డి వాసన పోయి అసలు వాసన తేలేది అప్పుడే. పడుకోబోయే ముందు కొంచెం పీలిస్తే వేళ్ల నొప్పి మరచి నిద్రపోతానని ఆవిడ అంది. అది ఆవిడ అనుభవం.

మా బ్యారన్ సంగతులు ఎంత చెప్పినా ఆవిడకు తనివి తీరలేదు. ఎన్ని డిగ్రీలు, ఎన్నాళ్లు అని అడిగితే నాకు తెలిసింది తక్కువ. అక్కడ రాత్రి తొమ్మిదయితే మనకు ఉదయం తొమ్మిదిన్నర. ఊళ్లో బాబాయికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“ముందు తొంభై అయిదు దాటనీకూడదురా, ఆకు పసుపు తిరగాలి. తిరక్కముందే మంట పెంచితే పచ్చ అలాగే బిగుసుకుపోద్ది. తర్వాత మెల్లగా పెంచుకుంటా పోయి, ఈనెకి నూట అరవై” అన్నాడు బాబాయి. అవి ఫారెన్‌హీట్ లెక్కలని నేను ఆవిడకు విప్పి చెప్పాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఆయనకు చెప్పాను: మంట లేకుండా, అరవై అయిదు డిగ్రీల్లో, రెండు వారాలు ఆరబెడితే మీ ఆకు ఏమవుతుంది?

“రెండు వారాలా? ఆవిడ దగ్గర గాలి పొడిగాలి గాబట్టి సాగింది. మన తేమకి ఐదో నాటికే కుళ్లుద్ది. అయినా రోజుకెన్నిసార్లు చూస్తాదో అడుగు.”

“నాలుగైదుసార్లు” అందావిడ, నేను అడగ్గానే వేళ్లు చూపిస్తూ.

“చాలదని చెప్పు. మొదటి రెండ్రోజులూ గంటగంటకీ చూడాలి” అన్నాడు బాబాయి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, మీటరు లెక్కలు రాసుకునే నోటుపుస్తకంలో అది కూడా రాసుకుంది.