సైకిలుదారుకు దక్కవలసినది

షిఫ్టు మారే వేళ కర్మాగారం గేటు వద్ద నిలబడి చూస్తే, మన సంస్థ ఎవరి శ్రమపై నడుస్తున్నదో తెలుస్తుంది. మోటారు సైకిళ్ళూ కార్లూ ఎంత పెరిగినా, చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికులలో అనేకులకు నేటికీ సైకిలే వాహనం. అన్నం క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకొని, బరువు లారీల పక్కగా వారు సాగిపోతూ ఉంటారు. లారీకి బీమా ఉంది, యజమానికి వకీలు ఉన్నాడు. సైకిలుపై ఉన్నవానికి ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం మాకు ఒక తోటి పనివాని కష్టం మూలంగా తెలిసింది. దానిని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2023లో మా మెయింటెనెన్సు విభాగంలో పనిచేసే ఒక కాంట్రాక్టు వెల్డరు, రెండవ షిఫ్టు ముగించుకొని ఇంటికి వెళుతుండగా వెనుక నుంచి వచ్చిన లారీ తాకి పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషను జరిగింది, ఎముక అతికింది. కాని పిడికిలి బిగియలేదు. మేము ఆసుపత్రికి వెళ్ళేసరికి లారీ యజమాని తరపు మనిషి అక్కడ కూర్చొని ఉన్నాడు. మందుల ఖర్చూ, పైన ఇరవై వేలూ ఇస్తామనీ, కేసు మాత్రం వద్దనీ అతని మాట. "సైకిలుకు లైసెన్సు లేదు, బీమా లేదు, వెనుక లైటు కూడా లేదు. కోర్టుకు పోతే మీకే నష్టం" అని భయపెట్టాడు. "ఇచ్చింది పుచ్చుకోమంటారా అయ్యా?" అని వెల్డరు భార్య మమ్మల్ని అడిగింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని కలిసి వచ్చిన తరువాత, "వద్దమ్మా" అని చెప్పాము. స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు ఆ సంస్థ ద్వారా న్యాయసహాయం ఉచితమని మాకు అప్పుడే తెలిసింది.

అతడు చెప్పిన మూడింటిలో మొదటి రెండూ అసలు అభ్యంతరాలే కావు. సైకిలు మోటారు వాహనం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దానికి లైసెన్సునూ బీమానూ కోరదు. అదే చట్టం లారీకి మాత్రం మూడవ వ్యక్తి బీమాను తప్పనిసరి చేసింది. ఆ మూడవ వ్యక్తి మరెవరో కాదు, దారిన పోయే పాదచారి, సైకిలుదారు. అంటే లారీ యజమాని ఏటేటా ప్రీమియం కట్టేది ఇటువంటి వారికి జరిగే నష్టం కొరకే. అది అతని దయ కాదు, వీరి హక్కు.

ఈ హక్కును అడగవలసిన చోటు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. ప్రమాదం జరిగిన చోటనే కాక, బాధితుడు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో కూడా దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించింది. ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలైనప్పటికీ, ఆలస్యం చేయకపోవడమే క్షేమం. క్రిమినల్ కేసులో వలె ఇక్కడ నేరాన్ని నిస్సందేహంగా రుజువు చేయనక్కరలేదు. ఏది ఎక్కువ సంభావ్యమో తేలితే చాలు.

ఇక మూడవ అభ్యంతరం, వెనుక లైటు. ఇందులో కొంత నిజం ఉంది. బాధితుని అజాగ్రత్త కూడా ప్రమాదానికి కారణమని తేలితే, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. తగ్గుతుందే తప్ప రద్దు కాదు.

అసలు వాదం మణికట్టు మీద జరిగింది. డాక్టర్ల బోర్డు ఆ చేతికి 30 శాతం వైకల్యం అని రాసింది. మొత్తం శరీరానికి లెక్కిస్తే అది 10 శాతమే అని బీమా వకీలు వాదించాడు. వెల్డరు వయస్సు 38, నెలసరి ఆదాయం 15,000 రూపాయలు. 36 నుంచి 40 ఏళ్ళ వారికి సుప్రీంకోర్టు 2009లో స్థిరపరచిన గుణకం 15. ఆ ప్రకారం ఏడాది ఆదాయం 1,80,000ను 15తో హెచ్చిస్తే 27 లక్షలు. అందులో 10 శాతం అంటే 2,70,000 మాత్రమే.

ఇంజనీర్లమైన మాకు ఈ లెక్క మింగుడు పడలేదు. కన్వేయరు డ్రైవులోని షియర్ పిన్ను బరువు మొత్తం యంత్రంలో వెయ్యోవంతు కూడా ఉండదు. అది విరిగితే యంత్రం వెయ్యోవంతు ఆగదు, పూర్తిగా ఆగుతుంది. న్యాయశాస్త్రం కూడా ఈ మాటే చెబుతున్నదని తరువాత తెలిసింది. రాజ్ కుమార్, అజయ్ కుమార్‌ల కేసులో 2010లో సుప్రీంకోర్టు, శరీర వైకల్య శాతం వేరు, సంపాదనా శక్తి నష్టం వేరు అని స్పష్టం చేసింది. ఎడమ చేయి పోతే ఒక డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం జీవనోపాధి పోవచ్చు; ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు.

కనుక వెల్డరు పని ఏమిటో మా విభాగం తరపున రాసి ఇచ్చాము. ఎలక్ట్రోడు హోల్డరును గంటల తరబడి ఎలా పట్టుకోవాలో, తలపైన చేసే వెల్డింగులో మణికట్టుపై ఎంత భారం పడుతుందో వివరించాము. హాజరు పట్టీ, వేతన రిజిస్టరు నకళ్ళు జతపరచాము. 2025లో ట్రిబ్యునల్ సంపాదనా నష్టాన్ని 50 శాతంగా అంగీకరించి 13,50,000గా లెక్కకట్టింది. లైటు లేనందుకు అందులో పదోవంతు తగ్గించింది. వైద్య ఖర్చులూ, బాధకు పరిహారమూ వేరుగా కలిపింది. ఆ సొమ్ముతో మణికట్టు తిరిగి రాలేదు. ఆ ఇంటి పిల్లల చదువు మాత్రం ఆగలేదు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అందుచేత కొన్ని సంగతులు ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. ప్రమాదం జరిగిన వెంటనే లారీ నంబరు రాసుకోవాలి. ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. నమోదు చేయించాలి, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోవాలి, మందుల రసీదులు భద్రపరచాలి. తాకిన బండి ఆపకుండా పోయి, దాని జాడ తెలియకపోయినా, కేంద్ర ప్రభుత్వ పథకం క్రింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. 2025 మే నెలలో ప్రకటించిన పథకం ప్రకారం, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండా, నగదు చెల్లించనవసరం లేని చికిత్స లభిస్తుంది. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవారు పోలీసులకు తమ పేరు చెప్పితీరవలసిన పని లేదు; 2019 సవరణ వారికి రక్షణ కల్పించింది.

ఈ పత్రిక మన ఇళ్ళకు వస్తుంది. కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళకు రాదు. అందువలన చదివినవారు తమ విభాగంలో సైకిలుపై వచ్చే ఒక్కరికైనా ఈ సంగతులు చెప్పవలసిందిగా మా మనవి. చెప్పేటప్పుడు, వెనుక చక్రం మీది మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు ఒకటి బిగించుకోమనీ, రాత్రి షిఫ్టుకు లైటు పెట్టుకోమనీ కూడా చెప్పండి. ఆ లైటు లేకనే మా వెల్డరు లక్షా ముప్పై అయిదు వేలు పోగొట్టుకున్నాడు.