ఉగ్గుగిన్నె, స్కానింగు మిషను

తిరుచానూరు రోడ్డులో ఓ చిన్న స్కానింగు సెంటరు. లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డు కింద గర్భిణులు వరసగా కూర్చున్నారు. వాళ్ల మధ్య ఓ అవ్వ, ఆమె ఒళ్లో అయిదు వారాల మగబిడ్డ. అమ్మవారి దర్శనం చేసుకుని, తెలిసిన డాక్టరమ్మ పనిచేసే తీరు చూద్దామని వెళ్లాను. బిడ్డ తల్లి సరేనన్నాక నన్నూ లోపలికి రానిచ్చారు.

"తాగిన పాలన్నీ కక్కేస్తా ఉండాడు మేడమ్. అంత దూరం పోయి పడతా ఉండాయి. దిష్టి గూడా తీసినాం" అంది అవ్వ.

"ఆకుపచ్చగా ఏమన్నా వచ్చిందా అవ్వా?"

"లేదు, తెల్లగా పాలే. కక్కిన నిమిషానికే మళ్లా నోరు తెరస్తాడు."

ఈ రెండు జవాబులతోనే సగం రోగం తెలిసిపోతుందట. ఆకుపచ్చ పసరు వస్తే పేగు మెలిపడిందేమోనని పరుగులు పెట్టాలి. పాలు మాత్రమే వస్తూ, వెంటనే ఆకలి వేస్తుంటే జీర్ణాశయం చివరి ద్వారం, అంటే పైలోరస్, మూసుకుపోతోందేమో చూడాలి. ఈ జబ్బు పుట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపు, మగపిల్లల్లో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఆ ద్వారం చుట్టూ ఉన్న కండరం ఎందుకు దళసరెక్కుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

"కడుపులో బిడ్డను చూసే మిషను గదా, బిడ్డ కడుపుకు పనికొస్తాదా?" అవ్వ సందేహం.

డాక్టరమ్మ నవ్వి, బిడ్డను కుడిపక్కకు ఒత్తిగిల్లబెట్టింది. గాలి నిండిన పొట్టలో అల్ట్రాసౌండుకు ఏమీ కనబడదు. నీళ్లు ఉంటే దారి తెలుస్తుంది. తల్లి ఉగ్గుగిన్నెతో గ్లూకోజు నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది. నా మటుకు ఆ గదిలో ఖరీదైన మిషను కన్నా ఆ గిన్నెదే పెద్ద పని.

తెర మీద నీళ్లు నల్లగా వచ్చి ఒకచోట ఆగిపోయాయి. అక్కడ రెండు నల్లటి కండరపు గోడలు, నడుమ తెల్లటి పొర. గోడ మందం 3 మిల్లీమీటర్లు, పొడవు 15 దాటితే అనుమానించాల్సిందే. ఇక్కడ మందం నాలుగు దాటింది. అయినా డాక్టరమ్మ పొట్ట మీద నుంచి ప్రోబు తీయలేదు. ఒక్కోసారి ఆ కండరం ఊరికే బిగుసుకుని, కాసేపటికి అదే వదులవుతుంది. అలాంటి బిడ్డకు కోత అక్కర్లేదు. అందుకే ఎదురుచూపు. ద్వారం తెరుచుకోలేదు. ఉన్నట్టుండి నీళ్లన్నీ ఎగజిమ్మి డాక్టరమ్మ కోటు మీద పడ్డాయి.

హిర్ష్‌స్ప్రంగ్ అనే వైద్యుడు 1888లో పైలోరస్ మూసుకుపోయే ఈ జబ్బును వివరంగా రాశాడు. ఆ కండరాన్ని నిలువునా చీల్చి, లోపొరను ముట్టుకోకుండా వదిలేసే రామ్‌స్టెడ్ ఆపరేషన్ 1912 నాటిది. నేటికీ చేసేది అదే. 1977లో టీల్, స్మిత్ అనే వైద్యులు అల్ట్రాసౌండుతో దీన్ని చూపించేదాకా పొట్ట మీద వేళ్లతో రేగిపండంత గడ్డను వెతకడమో, బేరియం తాగించి ఎక్స్‌రే తీయడమో చేసేవాళ్లు.

"ఇంత పసిబిడ్డకు ఆపరేషనా!" అవ్వ గొంతు పూడిపోయింది.

"ఇప్పటికిప్పుడు కాదవ్వా. కక్కీ కక్కీ ఒంట్లో ఉప్పులన్నీ పోయుంటాయి. ముందు రక్తపరీక్ష చేసి, సెలైన్ పెట్టి అవి సరిచేస్తారు. ఆ తర్వాతే మత్తు. రుయా ఆస్పత్రిలో పిల్లల డాక్టరుకు చీటీ రాసిస్తా. ఆటోలో పోతా ఏడ్చినా పాలు పట్టొద్దమ్మా" అని తల్లికి రిపోర్టు అందించింది.