భోగికి ముందు రోజు ఓ రెప్లికా

డేటాబేస్ రెప్లికాని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చటం బ్రహ్మవిద్యేం కాదు. నేనే ఓ పదిసార్లు చేసుంటాను. ఇది పదకొండోసారి కథ.

సంక్రాంతికి సెలవు దొరికింది, రాత్రి తొమ్మిదిన్నరకి మియాపూర్‌లో భీమవరం బస్సు. పొద్దున్నే మా లీడ్ వచ్చి "వెళ్ళేలోపు ఆ పాత రెప్లికా కొత్త మెషీన్‌కి మార్చేస్తావా?" అన్నాడు. "అయిపోద్దన్నా" అన్నాను. పండక్కి ఊరెళ్ళే వాణ్ణి ఏమడిగినా అయిపోద్దనే అంటాడు మరి.

మాది మై ఎస్‌క్యూఎల్. ఒక మాస్టర్, రెండు రెప్లికాలు. (మాస్టర్ అనకూడదట, సోర్స్ అనాలట. 8.4 వెర్షన్‌లో పాత పేర్లున్న కమాండ్లు చాలావరకు తీసేశారు కూడా. నోటికి మాత్రం ఇంకా మాస్టరే వస్తుంది.) పని ఇదీ: ఒక రెప్లికాని ఆపి, దాని డేటా డైరెక్టరీ మొత్తం ఆర్‌సింక్‌తో కొత్త మెషీన్‌కి కాపీ చెయ్యాలి. పాతదాన్ని లేపి మళ్ళీ పనిలో పెట్టాలి. తర్వాత కొత్తదాన్ని లేపి, అది మాస్టర్‌ని అందుకున్నాక అప్లికేషన్‌ని దానివైపు తిప్పాలి. పాతదాన్ని ఆపితే అలర్టులు మోగుతాయి కాబట్టి, వాటిని రాత్రి దాకా మ్యూట్ చేశాను. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

కాపీ అయ్యేసరికి సాయంత్రమైంది. పాతది లేపాను, బానే అందుకుంది. కొత్తదాంట్లో సర్వర్ ఐడీ మార్చి లేపాను. లాగ్ తగ్గుతూ తగ్గుతూ సున్నాకొచ్చింది. టీ తాగడానికి వెళ్ళాను.

మర్చిపోయిందేంటంటే, డేటా డైరెక్టరీలో ఆటో డాట్ సీఎన్ఎఫ్ అని ఓ చిన్న ఫైలుంటుంది. సర్వర్ యూయూఐడీ ఉండేది అందులోనే. కొత్త మెషీన్‌లో దాన్ని తీసేసి లేపితే మై ఎస్‌క్యూఎల్ తనే కొత్తది తయారుచేసుకుంటుంది. నేను తియ్యలేదు. దాంతో మాస్టర్ దృష్టిలో రెండూ ఒకటే అయిపోయాయి. కొత్తది కనెక్ట్ అవగానే పాతదాని కనెక్షన్ తెంపేసింది. పాతదాంట్లో ఐవో థ్రెడ్ 1236 ఎర్రర్‌తో ఆగిపోయింది. అదే యూయూఐడీతో ఇంకోటి కనెక్ట్ అయిందని లాగ్‌లో శుభ్రంగా రాసుంది, చూసే నాథుడేడీ? నేను కొత్తదాని ముందే కూర్చున్నాను. మోగాల్సిన అలర్టు నోరు నేనే నొక్కాను.

నలభై నిమిషాలు. అప్లికేషన్ ఇంకా పాతదాన్నే చదువుతోంది. డబ్బు కట్టినవాళ్ళకి "ఇంకా కట్టలేదు" అని చూపించింది. కొంతమంది పాపం రెండోసారి కట్టారు. కస్టమర్ కేర్ వాళ్ళు ఫోన్ చేసి "మీరేమన్నా మార్చారా అన్నా?" అని అడిగితేగానీ నాకు తెలీలేదు. సరిచెయ్యటానికి పట్టింది ఐదు నిమిషాలు. ఎవరెవరికి డబ్బు వెనక్కివ్వాలో జాబితా తీసేసరికి రాత్రి రెండు. బస్సు ఎప్పుడో పోయింది.

దీన్ని మించి మండింది పండగ తర్వాత. జరిగిందంతా రెండు పేజీలు రాసిచ్చాను: ఫైలు సంగతి, మ్యూట్ సంగతి, నా బస్సు తొందరతో సహా. పైవాళ్ళు దాన్ని రెండు లైన్లు చేశారు: "మానవ తప్పిదం. సంబంధిత ఇంజనీరుకి తగు సూచనలు ఇవ్వబడినవి." ఆ ఇవ్వబడిన సూచనలేంటో నాకిప్పటికీ తెలీదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఇంతకంటే ఘోరం జరిగింది. వెనకబడిన రెప్లికాని మళ్ళీ నిలబెట్టబోయి, ఓ ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డైరెక్టరీ చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళు దాన్ని రెండు లైన్లలో మూసెయ్యలేదు. ఏ బ్యాకప్ ఎందుకు పనిచెయ్యలేదో కూడా వివరంగా రాసి లోకం మొత్తానికి చూపించారు. నాలాంటివాళ్ళు ఎందరో అది చదివి నేర్చుకున్నారు. మా ఆఫీసు రెండు లైన్లు చదివి ఎవరేం నేర్చుకోవాలి?

రెండు నెలలకే పక్క టీమ్ కుర్రాడొకడు అచ్చంగా ఇదే తప్పు చేశాడు. వాడు టెస్ట్ సర్వర్ల మీద చేశాడు కాబట్టి సరిపోయింది. "ముందే చెప్పొచ్చుగా అన్నా" అన్నాడు. కొట్టెయ్యకముందు నేను రాసిన రెండు పేజీలూ వాడికి పంపాను. అప్పట్నుంచి రెప్లికా పని ఎవరికి పడ్డా, అడక్కపోయినా పంపుతున్నాను.

అన్నట్టు, ఆ రోజు జనరల్ బోగీలో నిలబడి ఊరు చేరేసరికి భోగి మధ్యాహ్నమైంది. మంట ఎప్పుడో ఆరిపోయింది. అమ్మ మాత్రం తలంటుకి నీళ్ళు కాచి ఉంచింది.