ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అజంతా

మా మనవరాలికి బొమ్మలు గీయడమంటే పిచ్చి. ఏదో పుస్తకంలో బొటనవేలంత అజంతా పద్మపాణిని చూసింది మొదలు, "తాతయ్యా, ఇది పెద్దది కావాలి" అని ఒకటే పోరు. ఫోనులో చూపించబోతే, "వేలు తగిలితే జారిపోతుంది, పక్కన పెట్టుకుని గీయడం ఎలా?" అంది. నిజమే కదా!

నిరుడు దాని పుట్టినరోజుకు ఓ పెద్ద దుకాణంలో, పిల్లల తెలివి పెంచుతుందని అట్టమీద అచ్చువేసిన రంగులపెట్టె కొన్నాను. తొమ్మిది వందలు. విప్పితే సగం గాలి, సగం అట్టముక్కలు. అంకె వేసిన గడిలో ఆ అంకె రంగే పూయాలట! పిల్ల రెండోరోజుకే మూత పెట్టేసింది. ఆ దెబ్బతో కొత్తసరుకు మీద మోజు తీరిపోయి, మొన్న ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్లాను.

ఆరో నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్ల ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఆదివారం కొట్ల తలుపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలు పోసి అమ్ముతారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఆలోచించుకుని వెళ్లండి. అంతా వంగి వెతకవలసిన బేరమే.

ఇంజనీరింగు గైడ్లు దాటుకుంటూ పోతే సోవియట్ రోజుల పిల్లల పుస్తకం ఒకటి దొరికింది, తెలుగులోనే. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది గాని, పుస్తకంలో ఎలుగుబంటి బొచ్చు మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. నలభై రూపాయలు. బేరమాడబుద్ధి కాలేదు.

ఆర్టు పుస్తకాల దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి సుమండీ! రంగుబొమ్మ అచ్చులో నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒకదానిమీదొకటి పడాలి. ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా పెదవుల ఎరుపు గడ్డం మీదికి వస్తుంది. అలాంటివి మూడు పక్కన పెట్టాక, అజంతా ఆల్బం కనిపించింది. గులాం యజ్దానీగారు 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వెలువరించిన మహాగ్రంథం కాదు లెండి, అది మా జేబుకు అందదు. ఇది చిన్నది. అయినా అచ్చు శుభ్రంగా ఉంది. ఎనిమిది వందలన్నాడు. ఐదు వందలకు దింపి, డబ్బు తీయబోతుంటే మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, పద్మపాణి లేడు."

ముందున్న జాబితాలో పేరుంది. లోపల బ్లేడుతో కోసిన అంచు మిగిలింది. ఎవరింట్లోనో ఫ్రేములో ఉన్నాడన్నమాట.

"నాకు తెలియదు సాబ్, రెండొందలియ్యండి" అన్నాడు అతను. నేను నమ్మలేదు. పుస్తకం కింద పెట్టి లేచాను. పిల్ల లేవలేదు. ఒకటో గుహ కప్పు మీద తామరల మధ్య పరుగెత్తే ఏనుగు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఉందిగా" అంది మెల్లిగా.

రెండు వందలిచ్చేశాను.

వారం రోజులుగా ఇంటినిండా ఏనుగులే. తొండం వంపు ఇంకా కుదరలేదట. ఆ తొమ్మిది వందల పెట్టెలో మా ఆవిడ గుండీలూ దారపుండలూ పెట్టుకుంది. పద్మపాణి బాకీ మాత్రం అలాగే ఉంది. వేసవికి అజంతాకే తీసుకెళ్లమంటోంది పిల్ల. రైలు ఛార్జీలు లెక్క వేస్తున్నాను.