ఎన్ని గంటలు నడిచింది?

డాలస్ తెలుగువాళ్లలో పాత కారు కొనేవాడు మొదట చూసేది మైలేజీ. 38 వేల మైళ్లే తిరిగిన 2003 పోర్షే 911 ప్రకటన చూపించగానే ప్లేనో మిత్రులంతా కళ్లకద్దుకొని తీసుకోమన్నారు. స్పోర్ట్స్ కారెందుకు, టయోటా కొనుక్కోక అని మా ఆవిడ అన్న మాట వేరే సంగతి. భువనగిరిలో మా బావ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఫోన్‌లో చెప్తే ఆ 38 వేలను ఆయన పట్టించుకోనే లేదు. ‘‘మైళ్లు గాదు బామ్మర్దీ, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో అడుగు’’ అన్నాడు.

ట్రాక్టరుకు గంటల మీటరు ఉంటుంది. వలిగొండ వైపు మూసీ కాల్వల కింద కేజ్‌వీల్స్ కట్టుకొని రోజంతా బురదలో దున్నే బండికి కిలోమీటర్ల లెక్క ఏం పనికొస్తుంది? తిరిగేది ఆ రెండెకరాల్లోనే, ఇంజన్ మాత్రం పొద్దంతా బరువు లాగుతూనే ఉంటుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ బేరంలో మావాళ్లు గంటలు అడుగుతారు. మీటరు మీద కూడా నమ్మకం లేక ఆయిల్ మూత తీసి పొగ చూస్తారు. గుప్పుగుప్పున కొట్టిందంటే ఇంజన్ బోర్‌కొచ్చినట్టే, బేరం అక్కడితో బంద్.

911 దగ్గర ఆ విద్య చాలదు. గాలితో చల్లబడే ఇంజన్లకు 1998తో స్వస్తి చెప్పి, 996 అనే తరంలో పోర్షే నీళ్లతో చల్లబడే ఇంజన్ పెట్టింది. అందులో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంది. క్రాంక్ దాన్ని చైనుతో తిప్పుతుంది, అది క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పుతుంది. దాని ఒక కొసకు సీలు వేసిన బాల్ బేరింగ్. ఏళ్లు గడిచేకొద్దీ సీలు సడలి ఇంజన్ ఆయిల్ లోపలికి దూరుతుంది, గ్రీజును కడిగేస్తుంది, దూరిన ఆయిల్ అక్కడే మురిగిపోతుంది. బేరింగ్ పగిలిందా, వాల్వుల టైమింగ్ తప్పి పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. ఇంజన్ మొత్తం పోతుంది. 2001 నుంచి 2005 దాకా వచ్చిన కార్ల యజమానులు దీనిమీద అమెరికాలో ఉమ్మడిగా కోర్టుకెక్కితే 2013లో రాజీ కుదిరింది. 2006 మోడల్ నుంచి బేరింగ్ పెద్దదైంది గానీ, ఇంజన్‌ను రెండుగా విప్పితే తప్ప మార్చలేరు. 2009 మోడల్‌లో ఆ షాఫ్టునే తీసేశారు. అదే కాలపు టర్బో, జీటీ3లకు ఈ జబ్బు లేదు. వాటిది హాన్స్ మెట్స్‌గర్ గీసిన పాత వంశం ఇంజన్, వాటి ధర నా జీతానికి అందదు.

నిజానికి ఎక్కువ కార్లలో ఈ బేరింగ్ పోదు. పోయే బేరింగ్ మాత్రం చాలాసార్లు ముందుగా చప్పుడు కూడా చేయదు. చప్పుడు విని ఇంజెక్టర్ జబ్బు చెప్పగల మా బావ చెవి ఇక్కడ దండగ. కానీ ఆయన అడిగిన గంటల లెక్క ఈ కారులోనూ దొరుకుతుంది. ఇంజన్ కంప్యూటరు గంటలను రాసిపెట్టుకుంటుంది, గేరు తప్పుగా వేసి ఇంజన్‌ను హద్దు దాటించిన సందర్భాలను కూడా. మైళ్లను గంటలతో భాగిస్తే యజమాని బండిని ఎట్లా వాడాడో తెలిసిపోతుంది.

38 వేల మైళ్ల కారు 2,000 గంటలు నడిచింది. అంటే గంటకు 19 మైళ్లు. ఇంటి నుంచి కిరాణా కొట్టుకు, మళ్లీ ఇంటికి. ఆయిల్ వేడెక్కకముందే తాళం తీస్తే లోపలి తేమ, కలిసిన పెట్రోలు ఆవిరై పోవు. ఆ ఆయిలే ఈ బేరింగుకు శత్రువు. పైగా ఆయిల్ మార్పిడి ఏడాదికొకసారి కూడా జరగలేదు, ఇంత తక్కువ తిరిగాక ఎందుకులే అనుకొని ఉంటారు. అమ్ముతున్న షోరూం మాత్రం ఆ తక్కువ మైళ్లకే వేల డాలర్లు ఎక్కువ అడిగింది.

హ్యూస్టన్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరు దగ్గర ఇంకొకటి దొరికింది. 91 వేల మైళ్లు, 2,100 గంటలు. గంటకు 43 మైళ్లు, హైవే బండి. క్లచ్ మార్చినప్పుడే గేర్‌బాక్స్ ఎట్లాగూ దింపారు కనుక బేరింగ్ కూడా మార్పించాడు, బిల్లుంది. బావకు చెప్తే, ‘‘గదే తీస్కో. నిలబడ్డ ఇంజన్‌ని నమ్మొద్దు. షెడ్డుల పెట్టిన ట్రాక్టరే నా దగ్గరికి ముందొస్తది’’ అన్నాడు.

మా ఊళ్లో బండి కొన్నాక యాదగిరిగుట్టకు తీసుకెళ్లి పూజ చేయిస్తారు. ఇక్కడ కొనకముందే మెకానిక్‌కు కొన్ని వందల డాలర్లు ఇచ్చి పరీక్ష చేయించుకోవాలి, నా లెక్కన రెండూ కావలసినవే. మెకానిక్ ఆ హ్యూస్టన్ కారు ఆయిల్ ఫిల్టర్ కాగితం మడతలు విప్పి, అయస్కాంతం తిప్పాడు. ఉక్కు రజను అంటుకుంటే బేరింగ్ అరుగుతున్నట్టు, ఏమీ అంటలేదు. సిలిండర్ గోడల మీద గీతలు పడటం ఈ ఇంజన్లకున్న మరో రోగం. ఆయిల్ పాన్ విప్పి కింది నుంచి కెమెరా పెట్టి చూశాడు, గోడలు నున్నగా ఉన్నాయి.

ఇక బేరమే మిగిలిందనుకుంటే, ప్రశ్నలు ఆ పెద్దమనిషి మొదలుపెట్టాడు. ఆయిల్ ఎన్నాళ్లకు మారుస్తావు, చలికాలం ఎక్కడ పెడతావు, అసలు రోజూ నడుపుతావా, వారానికొకసారి తుడిచి కప్పిపెడతావా అని. ఫోర్ట్‌వర్త్ ఆఫీసుకు రోజూ ఇందులోనే వెళ్తానని చెప్పాను. అప్పుడు ధర చెప్పాడు.